పేరెత్తని జబ్బు

అనగనగా, ఏ ఊరి బెల్లం ఆ ఊరే వండుకునే రోజుల్లో, అసిరయ్య అని ఒక కూలివాడు ఉండేవాడు. పెనంలో చెరకురసం కుతకుతలాడుతుంటే, వాసన చూసి పాకం వచ్చిందో లేదో చెప్పేవాడు. ఆయన "దించండ్రా" అంటే దించాల్సిందే. మారాజైనా సరే, ఆ ముక్కు మాట వినాల్సిందే!

ఒకప్పుడు అసిరయ్య మూత్రపిండానికి రాచపుండు పుట్టింది. పరదేశపు వైద్యుడొకడు పక్క కోసి, ఆ మూత్రపిండాన్నే తీసేశాడు. మనిషి బతికాడు. ఊరి ఆచారం ప్రకారం ఆయన భార్య తవిటమ్మ పాతచేటలో పసుపన్నం పెట్టి, జబ్బును పొలిమేర దాటించి సాగనంపింది. అలా పంపిన జబ్బు పేరు మళ్లీ ఎత్తకూడదు. ఎత్తితే పిలిచినట్టే.

ఏడాది గడిచింది. మూడేళ్లు గడిచాయి. తొమ్మిదేళ్లు గడిచాయి.

ఒకనాడు పొయ్యి దగ్గర అసిరయ్య ముక్కులోంచి నెత్తురు కారింది. తవిటమ్మ ఊరి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇంతకుముందు పెద్ద జబ్బేమైనా చేసిందా?" అన్నాడు వైద్యుడు.

"ఏటీ లేదు బాబూ. పొయ్యి సెగకి వేడి సేసినాది."

అసిరయ్య నేల చూపులు చూశాడు. వైద్యుడు చలవ మందిచ్చాడు.

రెండోసారి ముక్కు ఒకవైపు మూసుకుపోయింది. పాకం మాడినా అసిరయ్యకు తెలియలేదు.

"పెద్ద జబ్బేమైనా చేసిందా?"

"ఏటీ లేదు బాబూ."

పడిశం మందిచ్చాడు.

మూడోసారి చెంప వాచింది, కన్ను ముందుకొచ్చింది, నెత్తురు ఆగలేదు. వైద్యుడు మళ్లీ అడిగాడు. తవిటమ్మ మళ్లీ "ఏటీ లేదు" అంది. నెత్తురుతో తడిసిన పైగుడ్డ తీస్తే, నడుం పక్కన జానెడు కోత మచ్చ కనబడింది.

"ఇదేమిటమ్మా?"

తవిటమ్మ మచ్చ మీద గుడ్డ కప్పబోయింది. అసిరయ్యే చెప్పాడు. "రాచపుండు బాబూ. ఎప్పుడో ఎల్లిపోనాది."

"వెళ్లలేదయ్యా. దాని నలుసొకటి ఒంట్లోనే దాక్కుంది. ఇప్పుడు ముక్కు పక్క ఎముక గూళ్లలో మొలిచింది."

తవిటమ్మ నమ్మలేకపోయింది. మూత్రపిండమెక్కడ, ముక్కెక్కడ! తొమ్మిదేళ్ల తర్వాతా!

"నాను పేరెత్తలేదు బాబూ! ఒక్కపాలైనా ఎత్తలేదు! ఎలాగొచ్చినాది? ముందే సెప్పుంటే బతికీవోడా?"

"ఏమో తల్లీ, చెప్పలేను. వెతకాల్సిన చోట మాత్రం వెతికేవాణ్ణి."

ఆ ఏటి చెరకు నరకడం పూర్తికాకముందే అసిరయ్య పోయాడు. పెద్దకర్మ నాడు తవిటమ్మ బెల్లం పొయ్యి దగ్గర నిలబడి, "రాచపుండు! రాచపుండు! రాచపుండు!" అని అరిచింది. ఊరు ఊరంతా చెవులు మూసుకుంది.

ఇప్పుడు మూసుకోరు. ఆ చుట్టుపక్కల ఎవరు వైద్యుడి గడప తొక్కినా, కొత్త నొప్పికన్నా ముందు పాత జబ్బు పేరు చెబుతారు. ఎవరైనా జంకితే పక్కవాళ్లే అంటారు: "సెప్పీయమ్మా. పేరెత్తకపోయినా అసిరయ్యకి వచ్చీసినాది కదా."