నూకాలు చాప

ఓడలు గాలి మాట వినే కాలంలో, భీమిలి రేవు పక్క పల్లెలో నూకాలని ఒకావిడ ఉండేది. కరువొచ్చి, మొగుడు దాలయ్యతో సముద్రం దాటింది. పోయి పోయి, పోయి పోయి, ఒక పెద్ద నది దేశంలో దిగారు. అక్కడ పొద్దున్నే మంచు పాలలా పారేది. మనుషులు మాట్లాడితే దూరాన గంటలు మోగినట్టుండేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ధాన్యం బస్తాలు మోస్తూ మోస్తూ దాలయ్య జబ్బుపడ్డాడు. నూకాలు వైద్యుడి ఇంటికి తీసుకెళ్లింది. వైద్యుడు మంచివాడే. ఏదో అడిగాడు, దాలయ్య మన మాటలో చెప్పాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాడు. మూడోసారి అడిగేసరికి దాలయ్యకి ఓపిక లేదు. వైద్యుడు తనకి తోచిన మందిచ్చాడు. అది పనిచెయ్యలేదు. దాలయ్య పోయాడు.

నూకాలు తిరుగు ఓడ ఎక్కలేదు. వైద్యుడి వాకిలి ఊడుస్తూ అక్కడే ఉండిపోయింది. కాల్లో ముల్లు దిగినప్పుడు, పోటుని ఏమంటారని అడిగింది. పొయ్యి దగ్గర వేలు కాలినప్పుడు, మంటని ఏమంటారని అడిగింది. పన్ను బాధపెట్టినప్పుడు, సలుపుని ఏమంటారని అడిగింది.

ఆ తర్వాత ఓడ దిగిన మనవాళ్లకి జబ్బు చేస్తే, నూకాలు వైద్యుడి గుమ్మం పక్కనే ఉండేది. ఆడైనా మగైనా ఒకే తీరుగా అడిగేది.

“ఎక్కడ నాయనా నొప్పి? ఎలా ఉంది? ఎప్పట్నించి?”

విన్నది వైద్యుడికి చెప్పేది. ఏది తాగాలో, ఏది రాయాలో ఆయన చెబితే వీళ్లకి చెప్పేది. ఎంతోమంది లేచి తిరిగారు.

ఏళ్లు గడిచాయి. నూకాలు మంచాన పడింది. ఆ జ్వరంలో, నేర్చుకున్న మాటలన్నీ నది మీద పూలలా ఒక్కొక్కటే ఆవిణ్ణి వదిలి వెళ్లిపోయాయి. మన మాట ఒక్కటే మిగిలింది. ముసలి వైద్యుడు పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఆవిడ నోట వినీ వినీ పట్టుకున్న మన మాటలో, వంకర పలుకుతో మెల్లగా అడిగాడు.

“ఎక్కడ నాయనా నొప్పి?”

నూకాలుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కడో, ఎలాగో, ఎప్పట్నించో అన్నీ చెప్పుకుంది. ఆయనకి అంతా అర్థమైంది.

“ఆ వేళ నీ మొగుడి మాట నాకు అందలేదు,” అన్నాడు.

“ఇప్పుడు అందిందిగా,” అంది నూకాలు.

ఆయన మందు కలిపి ఇచ్చాడు. నొప్పి తగ్గింది. తెల్లారి మంచులోకి నడిచిపోయినట్టు ఆవిడ వెళ్లిపోయింది.

గుమ్మం పక్కన ఆవిడ ఉండే చోట వైద్యుడు ఒక చాప పరిచాడు. ఇప్పటికీ ఆ నది రేవులో మందిచ్చే ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక చాప ఉంటుందట. నూకాలు చాప అంటారు. రెండు భాషలు తెలిసినవాళ్లు సంతకి పోతూ పోతూ దాని మీద కాసేపు కూర్చుంటారు. ఎవరూ రాకపోతే లేచి వెళ్తారు. ఎవరైనా వస్తే, ఇక ఆ పూట సంత లేదు.