దిబ్బ మీద పసుపు జెండా

తంగిరాల ఫణీంద్ర గారు రేసు జరిగిన రోజున రేసు గురించి ఒక్క మాట మాట్లాడేవారు కాదు. గెలిచినవాళ్ళు వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టినా, ఓడినవాళ్ళు వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, "భోంచేశావా?" అని మాత్రం అడిగేవారు. మర్నాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే, శిష్యుల్ని వెంటబెట్టుకుని ట్రాకంతా కాలినడకన తిరిగేవారు. నిన్న రెప్పపాటులో దాటిపోయిన మలుపుల దగ్గర ఇవాళ తీరిగ్గా నిలబడేవారు. అడగదలుచుకున్నవాళ్ళు అప్పుడు అడగాలి. అడిగితే జవాబు అక్కడే దొరుకుతుందని కాదు. కొన్ని జవాబులు వారాల తరవాత వచ్చేవి. కొన్ని ఎప్పుడు వచ్చాయో శిష్యులకే తెలిసేది కాదు.

ఆ ఏడు ఆయన జట్టులో కారు రేసులు నేర్చుకుంటూ యశోధర అనే అమ్మాయి ఉండేది. కాకినాడ పిల్ల. తండ్రి వేట పడవలకు ఇంజన్లు అమ్మే వ్యాపారి. ఇంజను చప్పుడు వింటూ పెరిగిన పిల్లకి అదే పిచ్చి పట్టుకుందని తల్లి దెప్పుతూ ఉండేది. యశోధర పోటీ చేసేది జూనియర్ ఫార్ములాలో. పెద్ద రేసులకి వెళ్ళబోయే కుర్రకారు చెయ్యి తిరగడానికి నడిపే పోటీలవి. ఆ కార్లకి పైన కప్పుండదు. నాలుగు చక్రాలూ ఒంటికి దూరంగా బయటికి చాచుకుని ఉంటాయి. ఒకరి చక్రం మరొకరి చక్రానికి తగిలిందంటే కారు గాల్లోకి లేస్తుంది. అందరికీ ఒకటే ఇంజను, ఒకటే టైర్లు. తేడా అంటూ ఉంటే నడిపేవాళ్ళలోనే. ఏడాదికి అయిదు రౌండ్లు, అయిదూ ఒకే ట్రాకు మీద. అన్నిట్లో కలిపి ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళని విదేశంలో పై తరగతి జట్టు ఒకటి తీసుకుంటుంది. వయసు మీరితే ఈ పోటీలకి రానివ్వరు. యశోధరకి అదే ఆఖరి ఏడు.

ట్రాకు చెన్నైకి ఉత్తరాన, రాష్ట్ర సరిహద్దు దగ్గరి మెట్టనేలలో ఉంది. దాని వెనక భాగంలో ఒక కుడి మలుపు ఎత్తు మీదికి ఎక్కి, ఆ ఎత్తు మీదే తిరిగి, అవతలికి జారిపోతుంది. తెలుగు కుర్రాళ్ళు దాన్ని దిబ్బ అనేవారు. దిబ్బ ఎక్కేటప్పుడు ఎదర ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అవతల రోడ్డు ఉందని నమ్మి వెళ్ళిపోవడమే.

మొదటి రౌండ్ యశోధర గెలిచింది. రెండో రౌండ్‌లో, దిబ్బ మీద, పూణే నుంచి వచ్చిన ఇషాన్ బర్వే ఆమె పక్కకి వచ్చాడు. అతను లోపలి వైపు, ఆమె బయటి వైపు. అతను చోటు వదల్లేదు. చక్రం చక్రానికి తగిలింది. ఆకాశం, నేల, మళ్ళీ ఆకాశం. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పుడు మొదట కనిపించిన మనిషి ఫణీంద్ర గారే. ఆ రోజున కూడా ఆయన రేసు మాట ఎత్తలేదు. భుజం ఎముక విరిగింది. విచారణ చేసినవాళ్ళు రేసులో ఇలాంటివి మామూలేనని తేల్చేశారు. ఇషాన్ చూడటానికి రాలేదు.

ఎముక అతుక్కుంది. మూడో రౌండ్‌కి ఆమె తిరిగి వచ్చింది. మిగతా ట్రాకంతా ఎప్పటిలాగే నడిపింది. దిబ్బ దగ్గరికి వచ్చేసరికి మాత్రం యాక్సిలరేటర్ మీది కుడికాలు ఆమె మాట వినలేదు. దానంతటదే పైకి లేచిపోయేది. ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఆమెని దాటుకుని వెళ్ళారు. ఎక్కడో వెనకాల ముగించింది.

మర్నాటి నడకలో దిబ్బ మీదికి వచ్చాక మిగతా శిష్యుల్ని ముందుకు పోనిచ్చి, ఆమె ఆగింది.

"సార్, ఈ భయం ఎప్పుడు పోతుంది?"

ఫణీంద్ర గారు ఆమె వంక చూశారు. తరవాత దిబ్బకి అవతలి వాలు వైపు చాలాసేపు చూశారు. ఎండ ఆయన నెరిసిన తల మీద పడుతోంది.

"వచ్చే రౌండ్ నువ్వు నడపడం లేదు," అన్నారు.

ఆ మాట యశోధరకి చెంపదెబ్బలా తగిలింది. మిగిలినవి రెండు రౌండ్లు. రెండూ గెలిస్తే ఇంకా అవకాశం ఉంది. ఒకటి వదులుకుంటే ఏడాది అక్కడితో సరి, ఆమె చిన్నప్పటినుంచి పెంచుకున్న ఆశ కూడా సరి. భయం ఉందని ఒప్పుకున్నందుకు కారు లాగేసుకున్నాడనుకుంది. ఇంటికి ఫోన్ చేస్తే తల్లి, "ఆయన చెప్పింది మంచిదే తల్లీ. అసలు మొత్తం మానేసి వచ్చెయ్యి," అంది. ఆమె ఇంకా కుమిలిపోయింది. ఈలోగా మరో జట్టు యజమాని మందన్న కబురు పంపాడు. తమ దగ్గర ఒక కారు ఖాళీగా ఉంది, కావాలంటే నాలుగో రౌండ్ దాంట్లో నడపవచ్చు అని.

ఆమె ఫణీంద్ర గారి షెడ్డుకి వెళ్ళింది. ఆయన కుర్చీలో కూర్చుని ఒక బేరింగు తుడుస్తున్నారు.

"ఇది శిక్షా సార్?"

"కాదమ్మా."

"మరి?"

"నువ్వడిగావు కదా," అన్నారాయన. బేరింగు పక్కన పెట్టి, మేకుకి తగిలించి ఉన్న నారింజ రంగు దుస్తులు తీసి ఆమె చేతికిచ్చారు. రేసు జరిగేటప్పుడు ట్రాకు పక్కన జెండాలు పట్టుకుని నిలబడే మార్షల్స్ వేసుకునేవి. "నిర్వాహకులతో మాట్లాడాను. నేర్పాల్సింది వాళ్ళు ముందురోజు నేర్పుతారు. దిబ్బ మీద పద్మలత గారని ఉంటారు. ఆవిడ పక్కన నిలబడు."

ఆమె దుస్తులు తీసుకుని బయటికి వచ్చింది. మందన్నకి ఫోన్ చేయబోయి ఆగింది. కోపం పోలేదు. అయినా, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న మనిషి తనకి చెడు తలపెడతాడని మనసు ఒప్పుకోలేదు. ఫోన్ జేబులో పెట్టేసుకుంది.

పద్మలత నెల్లూరులో బ్యాంకు ఉద్యోగి. రేసులంటే ఇష్టం కొద్దీ సెలవు పెట్టుకుని వచ్చి ఎండలో నిలబడే మనిషి. "జెండా నీ చేతిలో ఉంటుందమ్మా, రేడియో నా చేతిలో," అంది. "అవతల ఏదైనా అయితే పసుపు జెండా ఊపాలి. వేగం తగ్గించమని, ఎవరూ ఎవర్నీ దాటొద్దని. ఊపితే గట్టిగా ఊపు. మొహమాటంగా ఊపితే వాళ్ళకి కనబడదు."

రేసు మొదలయింది. యశోధర నిలబడిన చోటునుంచి దిబ్బకి రెండు వైపులూ కనిపిస్తున్నాయి. మొదటిసారి కార్లన్నీ గుంపుగా ఎక్కి వచ్చినప్పుడు ఆమె ఒళ్ళు బిగుసుకుపోయింది. తరవాత తరవాత చెవులు పనిచేయడం మొదలుపెట్టాయి. ఆ ఇంజన్ల చప్పుడు ఆమెకి అమ్మ గొంతంత తెలిసినదే. దిబ్బ నెత్తికి వచ్చేసరికి ప్రతి ఇంజనూ ఒక్క క్షణం గొంతు తగ్గిస్తోంది. కొందరిది ఎక్కువ, కొందరిది తక్కువ. దిబ్బ మీద కాలే ఎత్తనని క్యాంటీన్లో గొప్పలు చెప్పినవాళ్ళది కూడా. అందరికంటే ముందు వెళుతున్న ఇషాన్‌ది కూడా. తన ఒక్కదాని కాలే లేస్తోందనుకుని ఆమె ఇన్నాళ్ళూ సిగ్గుతో చచ్చిపోయింది.

సగం రేసు అయ్యాక, మణిపూర్ నుంచి కొత్తగా వచ్చిన తోంబా అనే కుర్రాడి కారు దిబ్బ దిగుతూనే గిర్రున తిరిగింది. ఇంజను ఆగిపోయి, రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. బెల్టులు విప్పుకోవడానికి అతను పెనుగులాడటం కనిపిస్తోంది. పద్మలత రేడియోలో అరుస్తోంది. యశోధర ఇటు తిరిగింది. ఇవతలి వాలు మీద ఇషాన్ కారు దిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది. దాని వెనక మిగతావన్నీ.

అతనికి ఆకాశం తప్ప ఏమీ కనబడదని ఆమెకి తెలుసు. ఆ సంగతి ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? అతను నమ్ముతాడా? ముందున్నవాడు. ఎదర ఖాళీ రోడ్డే ఉందనుకుంటున్నవాడు. పక్కన మనిషి ఉందని తెలిసీ చోటివ్వని వాడు. ఇదంతా ఆలోచించేంత వ్యవధి లేదు గాని, ఆమె గుండెలో ఇదంతా ఒక్కసారిగా మెదిలింది. రెండు చేతులతో జెండా పట్టుకుని, విరిగి అతికిన భుజం కలుక్కుమంటున్నా, ఒంట్లో బలమంతా పెట్టి ఊపింది.

ఇషాన్ కాలు ఎత్తేశాడు.

కాస్త తగ్గించి చూద్దామనుకోలేదు. ఇంజను చప్పుడు ఒక్కసారిగా పడిపోయింది. కారు ముక్కు నేలకి వంగేలా బ్రేకు వేసి, దిబ్బ నెత్తి మీదికి ఎద్దుబండిలా ఎక్కి, తోంబా కారుకి జానెడు దూరంలోంచి పక్కకి తప్పుకుని వెళ్ళాడు. వెనకవాళ్ళంతా ఒకరి వెంట ఒకరు అలాగే వెళ్ళారు. తోంబా బెల్టులు విప్పుకుని గడ్డిలోకి పరిగెత్తాడు. అతను గడ్డి మీద కూలబడి హెల్మెట్ తీసేదాకా యశోధర జెండా ఊపుతూనే ఉంది. పద్మలత ఆమె వీపు మీద చెయ్యి వేసి, నీళ్ళ సీసా అందించింది.

రేసు ముగిశాక కార్లు నెమ్మదిగా ఆఖరి చుట్టు తిరుగుతూ వచ్చాయి. మార్షల్స్‌కి చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పడం అక్కడ ఆనవాయితీ. ఇషాన్ దిబ్బ దగ్గర చెయ్యి ఎత్తాడు. నారింజ బట్టల్లో, టోపీ కింద ఎవరున్నారో అతనికి తెలియదు. యశోధర కూడా ఎన్నోసార్లు అలా చెయ్యి ఎత్తింది. ఆ బట్టల్లో ఒక ముఖం ఉంటుందని ఒక్కసారీ చూడలేదు. ఆమె తల వంచుకుని జెండా చుట్టింది.

ఆ సాయంత్రం ఫణీంద్ర గారు "భోంచేశావా?" అని అడిగారు. మర్నాటి నడకలో ఆమె ఏమీ అడగలేదు.

అయిదో రౌండ్‌లో కారు ఆమెకి తిరిగి ఇచ్చారు. ఛాంపియన్ అయ్యే దారి అప్పటికే మూసుకుపోయింది. ఇషాన్‌కి మాత్రం ఆ రోజే తేలాలి. మొదటి ముగ్గురిలో ముగిస్తే ఏడాది అతనిది, దాంతో పాటు విదేశం. లేకపోతే ఏమీ లేదు. యశోధర మధ్యలో మొదలుపెట్టి ఒక్కొక్కర్నే దాటుకుంటూ వచ్చింది. దిబ్బ దగ్గర ప్రతిసారీ భయం వేసింది. ప్రతిసారీ కాలు ఒక్క పిసరు లేచింది. ఆ పిసరుని ఆమె ఇప్పుడు దాచుకోలేదు, తిట్టుకోలేదు. లేవనిచ్చి, మళ్ళీ నొక్కింది.

చివరి చుట్టు వచ్చేసరికి ముందు ఒక చెన్నై కుర్రాడు, తరవాత ఇషాన్, తరవాత ఆమె. వాళ్ళ వెనకనే మరో ఇద్దరు. దిబ్బ ఎక్కుతూ ఇషాన్ కారు కొంచెం తడబడింది. యశోధర లోపలి వైపు నుంచి అతని పక్కకి వచ్చేసింది. ఈసారి బయటి వైపు ఉన్నది అతను.

కొద్దిగా, చాలా కొద్దిగా, స్టీరింగు వదిలేస్తే చాలు, కారు బయటికి జరిగి అతని చక్రానికి తగులుతుంది. రేసులో ఇలాంటివి మామూలేనని విచారణలో వాళ్ళే చెప్పారు. ఆ కోరిక ఆమె చేతుల్లో పుట్టలేదని అనలేం. హెల్మెట్‌లోంచి అతని కళ్ళు ఒక్కసారి ఇటు తిరిగాయి. ఎదర ఆకాశం తప్ప ఏమీ లేదు. యశోధర స్టీరింగు బిగించి పట్టుకుని, తన చక్రాలు రోడ్డు లోపలి అంచుని ఒరుసుకునేదాకా లోపలికి తీసుకుంది. బయట ఒక కారు పట్టేంత చోటు వదిలింది. రెండు కార్లూ పక్కపక్కనే దిబ్బ ఎక్కి, పక్కపక్కనే అవతలికి దిగాయి.

అంత లోపలినుంచి తిరిగితే వేగం దక్కదు. దిగేసరికి ఇషాన్ ముందుకి వెళ్ళిపోయాడు. అతను రెండో స్థానంలో, ఆమె మూడో స్థానంలో ముగించారు. ఏడాది అతనిదయింది. బాణసంచా కాల్చారు. అతని జట్టువాళ్ళు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. తన షెడ్డులో చేతి తొడుగులు విప్పుతూ యశోధర ఆ చప్పుళ్ళన్నీ వింది. కాసేపు ఏడ్చింది కూడా. చిన్నప్పటినుంచీ అనుకున్నది అయిపోయింది మరి.

జనం పలచబడ్డాక ఇషాన్ వచ్చాడు. మెడలో దండ అలాగే ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, హిందీలో, మాటలు వెతుక్కుంటూ అన్నాడు.

"దిబ్బ మీద నువ్వు పక్కకి వచ్చినప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. ఒళ్ళంతా చల్లబడిపోయింది. పక్కకి చూస్తే చోటుంది." మెడలో దండ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ చోటు కనబడ్డాక ఇంక ఏమీ అనిపించలేదు. తిన్నగా నడిపేశాను. అప్పుడు నేను నీకు..."

మాట పూర్తి చేయలేకపోయాడు. ఆమె పూర్తి చేయమనలేదు. కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు గాని, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నాలుగో రౌండ్‌లో జెండా ఊపింది ఎవరో ఆమె అతనికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న కార్లని లారీలోకి ఎక్కిస్తున్నారు. ఫణీంద్ర గారు ఒక పక్కన నిలబడి తాళ్ళు సరిగ్గా బిగించారో లేదో చూస్తున్నారు. యశోధర వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

"నిన్న కూడా భయం వేసింది సార్. ఆఖరి చుట్టులో కూడా. నాకింక పోదేమో."

"ఆ అబ్బాయి వచ్చాడటగా. ఏమన్నాడు?"

ఇషాన్ అన్న మాటలు ఆమె ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది. ఆయన విన్నారు. లారీ వెనక తలుపు వేసి గడియ పెట్టారు. చేతులు దులుపుకున్నారు.

"నీ భయం ఉండనీలే తల్లీ," అన్నారు. "అతనిది తీశావుగా."