పీటల మీద మనిషి

ఒక ఊళ్ళో ఎవరి మాటైనా నచ్చితే చప్పట్లు కొట్టేవారు కాదు. ఇంట్లోంచి పీట తెచ్చి, ఆ మాట చెప్పినవాడికి కూర్చోవడానికి ఇచ్చేవారు. ఇచ్చిన పీట వెనక్కి తీసుకోవాలంటే, చెప్పినవాడే తన మాట తప్పని ఒప్పుకోవాలి. అది ఆ ఊరి ఆచారం.

ఆ ఊరి సంతవీధిలో ఒకాయన ఉండేవాడు. గట్టి ఒళ్ళు, తెల్లటి పలువరస, ఖంగుమనే గొంతు. ఒకరోజు ఆయన వీధిలో నిలబడి, "పొద్దున్నే కాసేపు నడవండయ్యా, ఒళ్ళు తేలికపడుతుంది" అన్నాడు. జనం నడిచి చూశారు. నిజంగానే తేలికపడింది. అందరికంటే ముందు ఆయన భార్య మురిసిపోయి, తమ పెళ్ళిపీట తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది.

మర్నాడు ఆయన అదే మాట మళ్ళీ చెప్పాడు. ఒక్క పీటా రాలేదు.

"నిన్న విన్నాం కదా! కొత్తదేమైనా ఉంటే చెప్పు" అన్నారు జనం.

పాపం, ఆయనకు కొత్తదేమీ తెలియదు. కానీ ఎదురుగా అంతమంది నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఊరుకోలేకపోయాడు. "ఉప్పు మానేయండి" అన్నాడు. పీట వచ్చింది. ఆ వారమే "ఉప్పు తప్ప అన్నీ మానేయండి" అన్నాడు. దానికీ వచ్చింది. కాకరకాయ రసంతో కళ్ళు కడుక్కోమన్నాడు. ఏ దెబ్బ తగిలినా బెల్లం, సున్నం కలిపి పట్టించమన్నాడు. ఒంటికాలి మీద నిలబడి భోంచేయమన్నాడు. అప్పటికే ఊళ్ళో సగం ఇళ్ళలో కూర్చోవడానికి పీటల్లేవు కాబట్టి, ఆ చివరి సలహా జనానికి బాగా కలిసొచ్చింది.

ఎదురుగా ఒక అరుగు మీద చాప వేసుకుని ఊరి వైద్యురాలు కూర్చునేది. ఆమె రోజూ చెప్పేవి ఆ నాలుగు ముక్కలే. ఆకలేస్తే తిను, వేళకి పడుకో, ఇచ్చిన మందు పూర్తయ్యేదాకా మానకు, తగ్గకపోతే మళ్ళీ రా. ఆమెకు ఎవరూ పీట ఇవ్వలేదు.

"ఎప్పుడూ అదే చెబుతావేంటమ్మా?" అని ఒకావిడ విసుక్కుంది.

"నీ పొట్ట కూడా ఎప్పుడూ అదే కదమ్మా!" అంది వైద్యురాలు.

పీట మీద పీట చేరి ఆయన ఇళ్ళ కప్పులు దాటిపోయాడు. అన్నం తాడు కట్టిన బుట్టలో పైకి వెళ్ళేది. కొత్త పీటలూ అందులోనే వెళ్ళేవి. బుట్ట రాగానే ఆయన లేచి, పీట కింద వేసుకుని, మళ్ళీ కూర్చునేవాడు. భార్య మెడ రిక్కించి, "ఏవండీ, పులుసు ఎలా ఉంది?" అని అరిచేది. ఆయన ఊరందరికీ ఊపినట్టే ఆమెకూ చెయ్యి ఊపేవాడు. ఆమె గర్వం ఎప్పుడో పోయింది. ఎదురుగా మనిషి లేకుండా అన్నం తినడం ఆమెకు చేతకాలేదు.

ఒకరోజు ఒక పీట చెక్కపేడు ఆయన పిక్కలో గుచ్చుకుంది. తను చెప్పిన వైద్యమే కదా అని బెల్లం, సున్నం పట్టించుకున్నాడు. పిక్క వాచింది. చీము పట్టింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది.

ఊరు ఊరంతా కంగారుపడిపోయింది. ఆయనంటే వాళ్ళకు నిజంగానే ప్రాణం. ప్రేమ ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? పరుగున వెళ్ళి పీటలు తెచ్చారు. ఇంట్లో లేనివాళ్ళు పక్క ఊరి చుట్టాలను అడిగి తెచ్చారు. బుట్ట పైకి వెళ్ళిన ప్రతిసారీ ఆయన అలవాటు కొద్దీ, వణుకుతూనే లేచి పీట వేసుకున్నాడు. వైద్యురాలు నిచ్చెన తెప్పించింది. అది చూరుదాకే అందింది.

"దిగి రా నాయనా! ఆ పేడు తియ్యాలి" అని ఆమె కేకేసింది. "ఇలాగే వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది."

"దిగలేనమ్మా! మందేదో బుట్టలో పెట్టండి."

"చూడకుండా మందిస్తే నేనూ వచ్చి నీ పక్కన కూర్చోవాలి."

కింద జనం తలా ఒకటి అరుస్తున్నారు. "కాకరకాయ రసం పోయండి!" "ఒంటికాలి మీద నిలబడమనండి!" అవన్నీ తన మాటలే. అవి ఎక్కడ పుట్టాయో ఆయనకు ఒక్కడికే తెలుసు. మొట్టమొదటిసారి ఆయనకు భయం వేసింది. దిగాలంటే ఒక్కొక్క పీటా తిరిగి ఇవ్వాలి. ఇవ్వాలంటే ఊరందరి ముందూ ఒక్కొక్క మాటా తప్పని చెప్పాలి.

అప్పుడు ఆయన భార్య బుట్టలోని పీట తీసి పక్కన పడేసింది. "ఏవండీ! నాకు అంత ఎత్తు మనిషి వద్దండీ. నా ఎదురుగా కూర్చుని, పులుసులో ఉప్పు తక్కువైందని సణిగే మనిషి కావాలి. దిగి రండి!" అని ఏడుస్తూ ఖాళీ బుట్ట పైకి పంపింది.

ఆయన ఆ ఖాళీ బుట్ట అందుకున్నాడు. తర్వాత కాళ్ళ కింది పీట లాగి అందులో పెట్టాడు.

"బెల్లం, సున్నం సంగతి నాకు తెలియక చెప్పాను. తప్పు" అన్నాడు. ఖంగుమనే గొంతు ఆ పూట వణికింది.

ఆ పీట ఇచ్చినావిడ ముందుకొచ్చి దాన్ని కొంగుతో తుడిచి చంకన పెట్టుకుంది. "హమ్మయ్య! మా అత్తగారు నిలబడి తినలేక నన్ను చంపుకు తింటోంది" అంది. అందరూ ఘొల్లున నవ్వారు.

ఇక పీటలు దిగసాగాయి. "ఒంటికాలి మాట తప్పు!" అన్నాడు ఆయన. ఎవరో రెండు కాళ్ళూ నేలకు ఆనించి హాయిగా నిట్టూర్చారు. "కాకరకాయ రసం తప్పు!"

"నా కళ్ళు మండినదానికి ఏం చెబుతావ్?" అని ఒకతను గదమాయించాడు.

"నీ దగ్గరికే వస్తున్నా బాబూ, తిట్టుకో."

అతను తిడదామనే నిలబడ్డాడు. తీరా ఆయన కాలు చూసి, చెయ్యి అందించి దించాడు.

చివరికి పెళ్ళిపీట మిగిలింది. ఆయన దాన్నీ తీయబోతే వైద్యురాలు ఆపింది. "నడవమన్న మాట నిజమేగా! దాని మీద కూర్చో" అని, ఆయన మణికట్టు పట్టుకుంది. "ఎక్కడ నొప్పి నాయనా?"

ఇన్నాళ్ళూ ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమె పేడు తీసి, చీము కడిగి, కట్టు కట్టింది. ఇచ్చిన మందు పూర్తయ్యేదాకా మానకంది. ఆయన మానలేదు. ఆ రోజు నుంచి పులుసు గురించి సణగడం కూడా మానలేదు.

కాలు నయమయ్యాక ఊరివాళ్ళు వైద్యురాలికి ఒక పీట తెచ్చారు. ఆమె దాన్ని తన చాప పక్కన వేసి, మోకాళ్ళ నొప్పులతో నిలబడ్డ ఒక ముసలమ్మను కూర్చోమంది. మర్నాడు ఇంకొకటి వచ్చింది. దాన్ని మొదటిదాని పక్కన వేసింది. అలా అరుగు నిండిపోయింది. రోగులు కూర్చునే పీటల వరుస వీధిలోకి దిగి, ఆయన పైకెక్కిన చోటుదాకా సాగింది.

ఆ వరుస చివర ఒకరోజు ఆయనే కూర్చుని ఉన్నాడు. ఎవరో కొత్త మనిషి దగ్గుతూ వచ్చి ఆయన ఎదుట నిలబడ్డాడు.

"అయ్యా, ఈ దగ్గుకు ఏం మంచిదో తమరు చెప్పాలి!"

ఆయన పెదవులు కదిలాయి. ఒక్క క్షణం వీధి అంతా ఆయన వంకే చూసింది. ఆయన నవ్వి, కొంచెం పక్కకు జరిగాడు. తన పీట మీద ఆ మనిషికి చోటిచ్చాడు.

"కూర్చో. వరుస కదులుతోంది" అన్నాడు.