వట్టిగెడ్డ ఆలకింపు శారదమ్మ

కొండల నుంచి దిగి పొలాల్లోకి వచ్చే గెడ్డలన్నింటిలో వట్టిగెడ్డ చిన్నది. వానాకాలం తప్పిస్తే మోకాలి లోతు నీరు కూడా ఉండదు. దాని నడుమ లేచిన రాతిగుట్ట మీద, పెంకుల కప్పు కింద, శారదమ్మ కొలువై ఉంది. అమ్మవారి చేతిలో వీణ లేదు. ఎడమచేయి ఒడిలో ఉంటుంది. కుడిచేయి చెవి వెనక ఆనించి, తల కాస్త వంచి, ఎదుటివారి మాట కోసం చూస్తున్నట్టు కూర్చుని ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు అమ్మవారికి వినికిడి తక్కువ కాబోలు అనుకుంటారు. దయచేసి ఆ మాట అర్చకుల దగ్గర అనవద్దు. చెప్పీ చెప్పీ ఆయన నోరు నొప్పి పుట్టినందువల్లనే ఈ చిన్న పుస్తకం అచ్చువేయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ గెడ్డకు తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు వీధిబడులు ఉండేవి. తూర్పు ఒడ్డు బడి గొడవర్తి సీతాపతి పంతులుగారిది. పడమటి ఒడ్డు బడి జంగం బసవలింగం అయ్యవారిది. పిల్లలు అక్షరాలు దిద్దుకోవడానికి రెండు బడులవారూ ఈ గెడ్డ ఇసుకే తీసుకుపోయేవారు. ఇసుక దగ్గర ఎదురుపడితే పంతుళ్ళిద్దరూ ఆకాశం వంక చూస్తూ తప్పుకునేవారు. తాను చెప్పే తీరును అవతలివాడు ఎక్కడ ఎత్తుకుపోతాడోనని ఇద్దరికీ ఒకటే దిగులు. బసవలింగం అయ్యవారైతే పాఠం మొదలుపెట్టగానే తడిక బిగించేవారు.

సీతాపతి పంతులుగారికి తడిక అవసరం లేదు. ఆయన విద్య అంతా రాగంలో ఉంది. ఒక్కో ఎక్కానికి ఒక్కో వరస కట్టి పిల్లలందరి చేతా కలిపి పాడించేవారు. పొద్దున్నే ఆ పాట గెడ్డ దాటి, పొలాలు దాటి వినపడేది. నాగళ్ళు పట్టినవాళ్ళు కూడా కూనిరాగం తీసేవాళ్ళు. పంతులుగారు అరుగు మీద కళ్ళు మూసుకుని తాళం వేస్తూ, తన అంత అదృష్టవంతుడు లేడనుకునేవారు. నిజానికి ఆ సంతోషంలో తప్పేమీ లేదు. కళ్ళు మూసుకోవడమే తప్పు.

ఆ బడిలో సన్యాసి అనే కుర్రవాడు అందరికంటే గట్టిగా పాడేవాడు. ఒకనాడు వాడి తల్లి గౌరమ్మ మిరపనారు వేస్తూ కొడుకును పిలిచి, ఏడు వరసలకు, వరసకు ఆరేసి మొక్కల లెక్కన ఎంత నారు తియ్యాలో చెప్పమంది. సన్యాసి గొంతు సవరించుకుని ఏడొకట్ల ఏడు దగ్గర ఎత్తుకున్నాడు. ఏడారుల నలభై రెండు మీదుగా ఆగకుండా సాగిపోయి, ఏడు పదులు డెబ్భై దగ్గర ముగించి, డెబ్భై మొక్కలన్నాడు.

గౌరమ్మ వాణ్ణి రెక్క పట్టుకుని బడికి తీసుకువచ్చింది.

"పంతులుబాబూ, పాట బాగున్నాది. కానీ ఈడికి ఆ పాటలో ఎక్కడ ఆగాలో తెలీదు. పాటలైతే నానే నేర్పుకుంటాను. రేపట్నించి గొర్రిల కాడికి ఎలతాడు" అంది.

పంతులుగారు నవ్వబోయి, అనుమానం వచ్చి, పిల్లలను ఒక్కొక్కరినే లేపి అడిగారు. మొదటి నుంచి చెప్పమంటే గడగడా చెప్పారు. మధ్యలో అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకా కొందరైతే ఇన్నాళ్ళూ గుంపులో పెదవులు కదిపినవాళ్ళే. సన్యాసి ఏడుస్తూ తల్లి వెంట వెళ్ళిపోయాడు. పంతులుగారికి ఆ పూట అన్నం సయించలేదు. మంచి పిల్లవాణ్ణి తన చేతులారా గొర్రెల పాలు చేశానని కుమిలిపోయారు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద కునుకు పట్టగా కల వచ్చింది. చివరి వరసలో, పిల్లల చాప మీద, తెల్లచీర కట్టిన ముత్తైదువ చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

"నాయనా, నీ రాగం నాకు వినపడుతోంది. పిల్లలే వినపడటం లేదు. గెడ్డ దాటి వెళ్ళి, అవతలి బడిలో చివర కూర్చో. మీ రెండు బడులూ కలిసి ఇసుక తీసిన చోట నేనుంటాను" అని చెప్పి మాయమైంది.

దేవి ఆజ్ఞే అయినా కాళ్ళు ముందుకు సాగలేదు. పండిన జుట్టుతో ఎదుటివాడి బడిలో చతికిలబడటం చిన్న విషయమా. కానీ సన్యాసి ఏడుపు ముఖం కళ్ళలో మెదిలింది. పంతులుగారు పంచె ఎగగట్టి గెడ్డ దాటారు, తడిక తోసుకుని లోపలికి వెళ్ళారు, పిల్లల పక్కన కూర్చున్నారు. ఆయనను చూసి బసవలింగం అయ్యవారు పాఠం ఆపేశారు.

"ఎందుకొచ్చారండీ తమరు?"

"నేర్చుకుందామని వచ్చానయ్యా. నా పిల్లలకు లెక్క రాదు. కానీయండి, ఆపకండి."

అయ్యవారు పాఠం నడిపించారు. ప్రతి పిల్లవాడి ముందూ చింతపిక్కల కుప్ప ఉంది. ఆరేసి పిక్కలు వరసగా పేర్చి, ఎన్ని వరసలకు ఎన్ని అయ్యాయో వాళ్ళే లెక్కపెట్టుకుంటున్నారు. ఒక పిల్ల తడబడితే అయ్యవారు జవాబు అందించలేదు. చేతులు కట్టుకుని ఊరుకున్నారు. అంతసేపు ఊరుకోవడం ఎలా చేతనవుతోందో సీతాపతి పంతులుగారికి అర్థం కాలేదు. ఆయన నాలుక మీద జవాబు ఆడుతూనే ఉంది.

బడి వదిలాక బసవలింగం అయ్యవారు తడిక పూర్తిగా తీసేసి, తలుపు దగ్గరే కూర్చున్నారు.

"తమరు చెప్పారు కాబట్టి నేనూ చెపుతాను. పిక్కలుంటేనే నా పిల్లలకు లెక్క. సంతలో పిక్కలు ఎక్కడ దొరుకుతాయి? నోటికి ఒక్క ఎక్కమూ రాదు. మీ పాట గాలిలో వచ్చినప్పుడల్లా నా కడుపు మండేది పంతులుగారూ" అన్నారు.

ఆ సాయంత్రం ఒకరు పిక్కలిచ్చారు, ఒకరు వరస నేర్పారు. బసవలింగం అయ్యవారి గొంతు పాటకు బొత్తిగా పనికిరాదని అప్పుడే తేలింది. ఇద్దరూ చాలా కాలానికి మనసారా నవ్వుకున్నారు.

మరునాడు సీతాపతి పంతులుగారు పిక్కలు ఉత్తరీయంలో మూటగట్టుకుని గొర్రెల మంద దగ్గరకే వెళ్ళి, గట్టు మీద కూర్చుని, సన్యాసి చేత ఆరేసి పేర్పించారు. ఏడో వరస పూర్తికాగానే వాడి పెదవుల మీదికి పాట దానంతట అదే వచ్చి, నలభై రెండు దగ్గర ఆగింది. పక్క మడిలో వింటున్న గౌరమ్మ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

"అందులో ఒక వరస మేక మేసీసిందిరా. మరెన్ని ఉన్నట్టు?"

ఇది ఏ పాటలోనూ లేదు. సన్యాసి పిక్కల వంక చూశాడు, మేఘాల వంక చూశాడు. పంతులుగారికి నోరు ఊరుకోవడం లేదు. పెదవులు గట్టిగా బిగించి, తనకు తెలియకుండానే చెవి వెనక చెయ్యి పెట్టుకుని, వాడి వైపు వంగి కూర్చున్నారు. గొర్రెలు గట్టు దిగి పోతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

"ముప్పై ఆరు" అన్నాడు సన్యాసి.

పంతులుగారి కళ్ళు నీళ్ళతో నిండాయి. గౌరమ్మ నారు పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"గొర్రిలని నాను తోలుకుంటాను. నువ్వు బడికెల్లు" అంది.

ఆ వారంలోనే రెండు బడుల పిల్లలూ కలిసి ఇసుక తీస్తుండగా గుట్ట మొదట్లో ఈ విగ్రహం బయటపడింది. ఏ ఒడ్డున ప్రతిష్ఠించాలన్న దగ్గర పంతుళ్ళిద్దరూ మళ్ళీ కాసేపు పోట్లాడుకున్నారు. చివరకు ఏ ఒడ్డుకూ చెందని గుట్ట మీదనే నిలిపారు. అమ్మ ఆలకిస్తోంది గనుక ఆలకింపు శారదమ్మ అన్న పేరు స్థిరపడింది.

నేటికీ వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే ముందు వచ్చే శుక్రవారం నాడు చుట్టుపక్కల మండలాల ఉపాధ్యాయులు ఇక్కడకు వస్తారు. ప్రతివారూ తమ తరగతిలో పనికివచ్చిన పద్ధతి ఒకటి అమ్మవారి ఎదుట అందరికీ చెప్పి, ఇతరులది ఒకటి అడిగి తీసుకుపోవాలి. నిరుడు ఒక సైన్సు మాస్టారు సైకిల్ పంపుతో గాలి పాఠం చెప్పగా, ఒక తెలుగు టీచరమ్మ దానినే తన తరగతికి పట్టుకుపోయారు. ఏం చేశారో ఈ ఏడు వచ్చి చెప్పాలి. విద్యార్థులు కూడా ఏ పాఠం తమకు ఎక్కలేదో నిర్భయంగా చెప్పుకోవచ్చు. ఆ మాటకు ఆ ఏడాదంతా కోపగించుకోరాదని నియమం.

పూజ చివర అర్చకులు బెరుకుగా ఉండే పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ ముందుకు పిలిచి ఒక లెక్క అడుగుతారు. గుడి నిండా ఉపాధ్యాయులే ఉన్నా ఎవరూ పెదవి కదపరాదు. కర్పూరం పళ్ళెంలో సిద్ధంగా ఉంటుంది. అమ్మవారి అనుగ్రహం ఆ నిశ్శబ్దంలోనే దక్కుతుందని పెద్దల మాట. ఎంత ఆలస్యమైనా సరే, ఆ బిడ్డ తనంతట తాను జవాబు చెప్పిన తరువాతనే హారతి వెలిగిస్తారు.