రేవులో శవాల బండి

ఒక రాజ్యంలో రేవు మూడేళ్లుగా కడుతూనే ఉన్నారు. పనికి అడ్డమని రేవు అధికారి మల్లపరాజు కిరాయి బండ్లన్నిటినీ కోసు దూరాన ఆపించాడు. పడవ దిగినవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని, బురదలో అంత దూరమూ నడవాల్సిందే. అలా నడుస్తూ ఇద్దరు ముసలివాళ్లు దారిలోనే పోయారు. శవాన్ని ఆపితే పాపమని, చచ్చినవాళ్లకు మాత్రం బండిని రేవు దాకా రానిచ్చేవాడు.

ఒక వానరోజు, చేపలమ్ముకునే గవరమ్మ జ్వరంతో కాలిపోతున్న మొగుణ్ణి పడవలోంచి దింపింది. ఒడ్డున పడుకోబెట్టి, మొహం మీదుగా తెల్లగుడ్డ కప్పి, గుండెలు బాదుకుంది. కావలివాళ్లు శవమే అనుకుని బండిని పిలిపించారు.

బండి ఎక్కిస్తుంటే శవం దగ్గింది.

"బతికున్నవాణ్ణి చచ్చాడంటావా?" అని అధికారి మండిపడ్డాడు.

"నేననలేదు బాబూ," అంది గవరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "కోసు దూరం నడిపిస్తే ఎలాగూ పోతాడు. అప్పుడు మీరే బండి పంపుతారు. ఆ బండినే కాస్త ముందుగా రప్పించుకున్నాను."

అధికారి పక్కకు తప్పుకున్నాడు. బండి కదిలింది. వెనకాల, పడవ దిగినవాళ్లు ఒక్కొక్కరే మూటలు దించి, ఆ వానలోనే ముసుగుతన్ని పడుకున్నారు.