బుగ్గలో పీటముడి

ఒకప్పుడు మనుషుల ముఖాల మీద ముడతలే ఉండేవి కావు. ఆ రోజుల్లో నేను గవరమ్మ బుగ్గలో కాపురం ఉండేవాణ్ణి. నేనంటే ఎవరో పెద్ద మొనగాణ్ణి అనుకునేరు! ఒక కణాన్ని. కంటికి ఆనను గానీ, గొప్పలకు మాత్రం కొదవ లేదు.

మాది నులక మంచాలు అల్లేవాళ్ళ పనిలాంటిది. మా చుట్టూ మేమే సన్నటి తాళ్ళు అల్లుకుని, ఆ అల్లికలోనే ఉంటాం. తాడు పాతబడితే విప్పేసి, కొత్తది అల్లి బిగిస్తాం. అందుకే గవరమ్మ ఎంత నవ్వినా, మడతపడిన బుగ్గ చటుక్కున సాపైపోయేది. డెబ్బై ఏళ్ళ గవరమ్మ బుగ్గా, ఏడేళ్ళ మనవరాలు బంగారి బుగ్గా ఒక్కలాగే ఉండేవి.

ఇంతలో నాకు ముసలితనం వచ్చింది. రోజుకు పది తాళ్ళు అల్లేవాణ్ణి, ఒక్కటి అల్లి పదిసార్లు చెప్పుకోవడం మొదలుపెట్టాను.

ఒకరోజు పక్కనున్న పడుచు కణం వచ్చింది. "తాతా, నీ తాళ్ళు పాతబడ్డాయి. విప్పేసి కొత్తవి అల్లుతాను, కాస్త జరుగు."

నాకు ఒళ్ళు మండింది. "నా చేతి పని విప్పుతావా? నువ్వు పుట్టకముందు అల్లినవే ఇవి!"

"అందుకేగా విప్పుతానంటున్నాను!" అంది.

అది అటు వెళ్ళగానే తాడుకీ తాడుకీ కలిపి పీటముళ్ళు వేసేశాను. వీటిని విప్పడం బ్రహ్మతరం కూడా కాదని మీసం తిప్పుకున్నాను. నాకు మీసం లేదనుకోండి. పైగా చుట్టుపక్కల ముసలి కణాలకూ నేర్పాను. అందరూ నా అంత తెలివైనవాళ్ళే, ఇట్టే నేర్చుకున్నారు.

మర్నాడు బంగారి ఊడిన పాలపన్ను ఇంటికప్పు మీదికి విసరబోయి తన నెత్తి మీదే వేసుకుంది. గవరమ్మ పకపకా నవ్వింది. బుగ్గ మడతపడింది, మళ్ళీ సాపు కాలేదు. అల్లికంతా బిగుసుకుపోయింది మరి. పడుచు కణం ముళ్ళు పట్టుకుని గింజుకుంది. నేనూ లాగాను. నేను వేసిన ముడి నాకే ఊడలేదు!

గవరమ్మ అద్దం చూసుకుని నవ్వడం మానేసింది. మూడు రోజులు ఆ బుగ్గ కదల్లేదు. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

నాలుగో రోజు బంగారి ఆ ముడత మీద వేలు పెట్టి చూసింది.

"నానమ్మా! నా పన్ను ఊడిననాటి నవ్వు ఇంకా ఇక్కడే ఉందే!"

గవరమ్మ పకాలున నవ్వేసింది. ఇంకో ముడత పడింది. నేను మళ్ళీ మీసం తిప్పుకోబోయి, పడుచు కణం చూసిన చూపుకి చెయ్యి దించేశాను.

నా పీటముడి విద్య అందరి బుగ్గల్లోని ముసలి కణాలకూ పాకిపోయింది. అప్పటినుంచే, వయసు మీదపడ్డాక మనుషులు నవ్విన ప్రతి నవ్వూ బుగ్గ మీద ముడతై నిలిచిపోతోంది.