తోడుకోని పాలు

అనగనగా దివిసీమలో ఒక ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ముంతల్లో పెరుగు తోడేసి, వీధివీధీ తిరిగి అమ్ముకునేది. ఇంట్లో ఆవిడా, మనవరాలు కోమలీ, అంతే. కోమలిది నీ ఈడే. ఆ పిల్లకి ఒక సూదిమందు పడదు. ఒకసారి వేస్తే ప్రాణం మీదికొచ్చింది.

ఒకనాడు పొద్దున్నే మూత తీసి చూస్తే పెరుగు తోడుకోలేదు. పాలు పాలలాగే ఉన్నాయి. అప్పుడు ముంతలన్నీ వేణ్ణీళ్ళతో తోమి, మళ్ళీ తోడేసింది. ఊహూఁ. ఆ తర్వాత పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చి వేసింది. మూడోనాడూ అంతే!

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? "నాంచారమ్మ చెయ్యి చెడ్డదైపోయింది" అన్నారు. ఆవిడ తలొంచుకుంది. చూడు, తప్పు ఒకడిది, తలొంపు ఇంకొకరిది! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోద్ది.

ఆ సాయంత్రం కోమలి గ్లాసుడు పాలు తాగింది. కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు. పెదాలు ఉబ్బాయి. ఊపిరాడలేదు. నాంచారమ్మ పిల్లని భుజానేసుకుని, ఆటో ఎక్కి ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరమ్మ పిల్లని గట్టెక్కించింది. అప్పుడు అడిగింది, "ఏం మందిచ్చారమ్మా?"

"మందేం లేదు తల్లీ, పాలే తాగింది. ఆ పాలు మూడ్రోజుల్నించి తోడుకోవట్లేదు కూడా."

"అయితే ఈ పిల్లకి పడని ఆ సూదిమందే గేదెకి వేసుంటారు. ఆ మందు పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. తోడులో కంటికి కనబడని చిన్న ప్రాణులుంటాయమ్మా, పాలని పెరుగు చేసేది అవే. మందు వాటినీ చంపేస్తుంది. పైగా రోజూ కొంచెం కొంచెం మన ఒంట్లోకి పోతుంటే, చెడ్డ క్రిములు దానికి అలవాటు పడి మొండికెత్తుతాయి. రేపు నిజంగా జబ్బు చేస్తే మందు పనిచెయ్యదు."

తెల్లారింది. నాంచారమ్మ తనకి పాలు పోసే చలమయ్య కొట్టంలోకి నేరుగా వెళ్ళింది.

"ఒరే చలమయ్యా, గేదెకి సూది వేయించావా?"

"పొదుగు వాచింది నాంచారక్కా."

"పశువుల డాక్టరు ఏమన్నాడు?"

చలమయ్య నేల చూపులు చూశాడు. "సూదులేసినన్నాళ్ళూ, ఆ తర్వాత అయిదు రోజులూ పాలు పొయ్యొద్దన్నాడు. పారబొయ్యడానికి మనసొప్పలేదక్కా."

"పారబొయ్యడానికి మనసొప్పలేదా? నా పిల్లకి పొయ్యడానికి ఒప్పిందా?"

ఆ తర్వాత ఆవిడ తోడుకోని ముంతలు గంపకెత్తుకుని, చలమయ్యా ఊళ్ళోవాళ్ళూ పాలు పోసే పాల కేంద్రానికి వెళ్ళింది. అక్కడి గుమస్తా, "మా మిషన్ వెన్న ఎంతుందో చూస్తుందమ్మా. మందు మా పని కాదు" అన్నాడు.

"మరి ఎవరి పనిరా?" అని ఆవిడ అరిచిన అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. ముంతలు గుమ్మంలో పెట్టి, అడ్డంగా కూచుంది. "మందు సంగతి తేలేదాకా చుక్క పాలు లోపలికి పోవు!"

అప్పుడు పసిపిల్లల తల్లులు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ పక్కన కూచున్నారు. ఒకరోజు. రెండ్రోజులు. మూడోరోజు పై ఆఫీసు నుంచి జీపొచ్చింది. పాలలో మందుందో లేదో చూసే కాగితపు ముక్కలు తెచ్చారు. చలమయ్య పాలలో ముంచి చూస్తే, మందు ఉన్నట్టే తేలింది. ఆనాటి నుంచి సూది వేసిన గేదె పేరు కేంద్రం గోడ మీద రాయాల్సిందే. ఆ పాలు గోతిలో పొయ్యాల్సిందే.

చలమయ్య అయిదు రోజులూ ఏడుస్తూ పారబోశాడు. గేదెకి నయమయ్యాక మంచి పాలు తెచ్చి, నాంచారమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ పాలు తీసుకుంది, తోడేసింది. మర్నాటికి గడ్డపెరుగు తోడుకుంది.

చలమయ్యతో మాత్రం మాట్లాడలేదు. ఆ యేడూ లేదు, మరుసటేడూ లేదు. "పాపం కదా అమ్మమ్మా" అంటావా? ఉండనీ. కొన్ని కోపాలు చల్లారకూడదే బంగారం.

కథేమో కంచికి,
కోపమేమో మంచికి,
మనమేమో మంచానికి!